నాలుగో నాటకం చివరి కాగితం

నవంబరు 18, మంగళవారం

అన్నయ్యకి నమస్కారం.

ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. జిగురు ఆరడం లేదు. నొక్కుడు మిషనులోంచి తీసిన అట్టలు గంట తిరక్కుండానే దోనెల్లా వంగిపోతున్నాయి. రికార్డు ఆఫీసు నుంచి ఆరువందల రిజిస్టర్లు వచ్చిపడ్డాయి, అన్నీ చెద తిన్నవే. ఫిబ్రవరి ఆఖరుకి కొత్త బైండ్లు వేసి అప్పగించాలి. పొద్దున ఏడింటికి కూర్చుంటే వెలుతురు పోయేదాకా విప్పడం, దులపడం, చిరుగులకి పలచటి కాగితం అతకడం, కుట్టడం. ఇవాళ ఎనిమిది అయ్యాయి. రేపు అవీ కావు, దారం అయిపోయింది.

ఒక సంగతి అడగడానికి రాస్తున్నాను. మూతపడిన లైబ్రరీ చిత్తుతో పాటు నాన్న తెచ్చిన ఇంగ్లీషు నాటకాల బైండు ఉంది కదా. నాన్న పోయిన నెలకి నువ్వు చెప్తే ఈ చేత్తోనే దాని కుట్లు కోశాను. ఏడు నాటకాల్లో మొదటి నాలుగు నువ్వు పట్టుకెళ్ళావు. మిగతా మూడూ నాకు వదిలి, "మూడు వందల యాభై ఏళ్ళ నాటి అచ్చురా ఇది, జిగురు డబ్బా పక్కన పెట్టకు" అన్నావు. పెట్టలేదు. పెట్టెలోనే ఉన్నాయి.

బూజు పట్టిందేమోనని మొన్న తీశాను. ఐదో నాటకం పేరు కాగితం మొదట్నించీ మందంగా ఉండేది. ఈ చెమ్మకి దాని మూల పైకి లేచింది. చూస్తే అది ఒక కాగితం కాదు, రెండు. పేరు కాగితం చిరిగి ఉంటే వెనక నాన్న ఇంకో కాగితం అతికించాడు. నీళ్ళ ఆవిరి పట్టి విడదీశాను. అతికిన కాగితానికి ఒకవైపు ఖాళీ, లోపలికి తిప్పిన వైపు అచ్చు. పంతొమ్మిది లైన్లు ఉన్నాయి. కింద ఒక పువ్వు బొమ్మ, దాని మీద పెద్ద అక్షరాలతో 'సమాప్తం' అన్నట్టు ఒక మాట. ఆపైన ఏమీ లేదు. అక్షరాలు కింద దించి రాశాను చూడు. ఇది ఏ నాటకంలోదో నీకు తెలుస్తుందా? పనికొచ్చేదేనా?

చెల్లి ఎలా ఉంది? దాని చేతి రాత చూసి ఏడాదైంది.

ఇట్లు,
తమ్ముడు

నవంబరు 24, సోమవారం

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. వాన గురించి అంత రాయనక్కర్లేదు, ఇక్కడా పడుతోంది.

నువ్వు దించిన అక్షరాల్లో సగం తప్పులే అయినా అర్థమైంది. అది పెద్ద విశేషం కాదు. ఏదో పాత పుస్తకం తోక. నాన్నకి ఇంగ్లీషు రాదు, చేతికందిన ముక్కతో అతుకు వేసేవాడు. బైండరు బుద్ధి. నీ దగ్గర ఉన్నా ఉపయోగం లేదు కాబట్టి నాకు పంపెయ్. మిగతా ముక్కలతో పాటు ఉంటుంది.

పంపేటప్పుడు మడవకు. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, మైనం గుడ్డ చుట్టి, రిజిస్టరు చెయ్. ఇన్సూరు కూడా చేయించు. అట్టలకి జిగురు తగలకూడదు. చేతులు కడుక్కుని ముట్టుకో. అంచులు పట్టుకో, అచ్చు మీద వేలు పెట్టకు. ఆదివారం లోపల పోస్టు చేస్తే మంచిది.

చెల్లి బాగానే ఉంది. ఈమధ్య దీపం చుట్టూ రంగుల చక్రాలు కనిపిస్తున్నాయని ఒక గొడవ మొదలుపెట్టింది. కంటి డాక్టరుకి చూపించాను. కంట్లో ఒత్తిడి అన్నాడు, పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క వేసుకోమని మందు రాశాడు. ఆ వయసులో అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. దానికి ఉత్తరాలు రాసే తీరిక ఎక్కడిది? పన్నెండేళ్ళుగా నా పుస్తకాలకి పురుగు బొక్కలు పూడ్చడంతోనే దానికి తెల్లారుతోంది.

ఆశీస్సులతో,
అన్నయ్య

డిసెంబరు 2, మంగళవారం

అన్నయ్యకి నమస్కారం.

పనికిరాని తోకకి మైనం గుడ్డ ఎందుకో నాకు అర్థం కాలేదు. నీకు తెలుసు కదా, నాకు అర్థమయ్యేదాకా నిద్ర పట్టదు. అందుకని చేతులు కడుక్కుని, అంచులు పట్టుకుని, దాన్ని మనం కళ్ళజోడు అని పిలిచే ఆయనకి చూపించాను. బస్టాండు వెనక పాత పుస్తకాలమ్మే ఆయన, నువ్వు కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ఆయన కొట్టులోనే కూర్చునేవాడివి. చూడగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "మిగతాది ఎవరి దగ్గరుంది?" అన్నాడు.

"మా అన్నయ్య దగ్గర."

"నాలుగో నాటకమేనా? మీ అన్నయ్య పన్నెండేళ్ళుగా దాని చివరి కాగితం కోసం ఊళ్ళన్నీ జల్లెడ పడుతున్నాడయ్యా. నాకే ఇరవై ఉత్తరాలు రాశాడు. ఇలాంటి ప్రతులు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టాలి. అది లేకపోతే ఆయనది కుంటి పుస్తకం. ఉంటే, దాన్ని చూడడానికి దేశాలు దాటి వస్తారు."

అన్నయ్యా, నువ్వు ఒక్క ముక్క నిజం రాసి ఉంటే ఆ రోజే పంపేవాణ్ణి.

ఇప్పుడు నా మాట విను. నాన్న పోయాక చెల్లిని నువ్వు తీసుకెళ్ళావు. ఇంటికి మనిషి కావాలన్నావు. బల్ల దగ్గర అది నా కుడి చెయ్యి. చిరిగిన చోట అది కాగితం అతికితే వేలితో తడిమినా తెలిసేది కాదు. నాకు ఆరువందల రిజిస్టర్లున్నాయి, చేతులు రెండే. దాన్ని మూడు నెలలు పంపు. అది బస్సు దిగిన వారంలో కాగితం నీకు పోస్టు చేస్తాను.

ఇట్లు,
తమ్ముడు

డిసెంబరు 9, మంగళవారం

తమ్ముడికి,

బేరం ఆడడం ఎక్కడ నేర్చావు? నిన్ను జిగురు అని ఊరికే అనరు, అంటుకున్నది వదలవు.

సరే, దాచి ప్రయోజనం లేదు. అవును, అది నా నాలుగో నాటకం చివరి కాగితమే. ఈ నాటకాలు రాసిన కాలంలో వాటిని ఎవరూ గౌరవించలేదు. పెద్ద ఠావు రెండు మడతలు పెట్టి, కుట్టీ కుట్టకుండా, అట్ట కూడా లేకుండా అమ్మేవారు. చదివిన వాళ్ళు పొయ్యిలో వేసేవారు. అందుకే మిగిలినవి అంత తక్కువ. అందులోనూ నా నాలుగో దానికి అంచులు ఎప్పుడూ కత్తిరించలేదు. అచ్చు మిషను మీంచి దిగిన ఠావు అంచు ఎలా ఉందో ఇవాళ్టికీ అలాగే ఉంది. కానీ నేను జాబితాలో దాని పేరు రాసిన ప్రతిసారీ పక్కన 'చివరి కాగితం లేదు' అని రాయాల్సి వచ్చింది. కొడుక్కి కాలు లేదని చెప్పుకున్నట్టు ఉంటుంది. నీకు తెలియదులే.

మార్చి 5న ఒక ప్రొఫెసరు నా సేకరణ చూడడానికి వస్తున్నాడు. పాత నాటకాల ప్రతులన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో పట్టిక వేస్తున్నాడు. ఆ పట్టికలో నా ప్రతి పూర్తిగా ఎక్కాలి.

కాబట్టి చెల్లిని పంపుతున్నాను. మూడు నెలలు కుదరదు, ఫిబ్రవరి ఆఖరు దాకా ఉంచుకో. దాన్ని అడిగాను. "నన్ను అడుగుతున్నావా, చెబుతున్నావా?" అంది. చెబుతున్నానన్నాను. అయితే సరే అంది.

ఒక్క మాట. కన్ను కన్ను అని అంటూ ఉంటుంది. పట్టించుకోకు. నువ్వు అయ్యో అంటే ఇక సూది పట్టుకోదు. నేను పట్టించుకోకుండా ఉంటేనే పని చేసింది.

ఆశీస్సులతో,
అన్నయ్య

డిసెంబరు 20, శనివారం

అన్నయ్యకి నమస్కారం.

చెల్లి పదిహేనో తారీకు దిగింది. నేను బస్టాండులో ఎదురుగానే నిలబడ్డాను, నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. పిలిస్తే గొంతు వచ్చిన వైపు తిరిగింది. "ఎంత పొగరే, తోడబుట్టినవాణ్ణి చూడవా?" అన్నాను. "పక్కన నిలబడితే ఎలా కనిపిస్తావు, ఎదురుగా నిలబడు" అంది. ఎదురుగానే ఉన్నానని అనలేదు. నువ్వు పట్టించుకోవద్దన్నావు కదా.

బల్ల దగ్గర మాత్రం అదే మనిషి. పాత చోటులోనే కూర్చుంది. మొదటి రోజు కాస్త తడుముకుంది కానీ మూడో రోజుకి పద్నాలుగు రిజిస్టర్ల చిరుగులు అతికింది. కాగితం మొహానికి జానెడు దూరంలో పెట్టుకుంటుంది. మధ్యలో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, అరచేతులతో కళ్ళు మూసుకుని నిలబడుతుంది.

"ఏమైంది?"

"తల లోపల ఎవరో మేకు దించుతున్నారు. వాళ్ళ పని అయ్యాక వస్తా."

నవ్వాను. అదీ నవ్వింది.

మందు బుడ్డి తెచ్చుకుంది, అడుగున కొద్దిగా ఉంది. నువ్వు కొత్తది పంపుతావని అంది. నువ్వు పంపుతావు కదా?

నీ కాగితం గురించి కంగారు పడకు. నాలుగు పక్కలా చీలికలు, కింద మూల ఎలుక కొరికింది, మధ్యలో నాన్న జిగురు మరక, పైగా టీ రంగు. ఆ అవతారంలో పంపితే నాకు నామర్దా. బాగుచేసి పంపుతాను. చూశాక నువ్వే అంటావు.

ఇట్లు,
తమ్ముడు

డిసెంబరు 29, సోమవారం

తమ్ముడికి,

బాగుచేయడం అన్న మాట నాకు నచ్చలేదు. నువ్వేమీ చేయకు. ఉన్నది ఉన్నట్టు పంపు. ఈ ఉత్తరం అందగానే పంపు.

ఇక్కడ నా సంగతి అడక్కు. ఏ వస్తువు ఎక్కడుందో తెలియదు. టీ పొడి డబ్బా మూత ఎటు తిప్పాలో చెల్లిని అడిగి రాయి. హోటలు నుంచి కారియరు తెప్పించుకుంటున్నాను, వాడు ఉప్పు మర్చిపోతాడు. పుస్తకాల అర మీద ధూళి పేరుకుంటోంది. ఇలా అని దానికి చెప్పకు, తనకేదో విలువ ఉందనుకుంటుంది.

మందు సంగతి దానికే తెలుసు. అక్కడ మందుల కొట్లు లేవా?

ఆశీస్సులతో,
అన్నయ్య

జనవరి 3, శనివారం

అన్నయ్యకి నమస్కారం.

నీ ఉత్తరం వచ్చేసరికే కాగితం తయారైపోయింది. దీంతో పంపుతున్నాను. విప్పేటప్పుడు కూర్చుని విప్పు.

రెండు రోజులు బ్లీచింగు నీళ్ళలో నానబెట్టాను. మరకలన్నీ పోయాయి, కొత్త ఠావు లాగా తెల్లబడింది. పలచటి వజ్రం జిగురు పట్టించి ఇస్త్రీ చేశాను, ఇప్పుడు పట్టుకుంటే ఫెళఫెళమంటుంది. చీలికలూ, ఎలుక కొరికిన మూలా లేకుండా నాలుగు పక్కలా మిషను మీద కోశాను. అంచు చూడు, కత్తి గీత లాగా ఉంది. ముప్ఫై ఏళ్ళ పనిలో ఇంత నీటుగా ఒక కాగితం ఎప్పుడూ చేయలేదు. చెల్లిని చూడమంటే వేళ్ళతో చుట్టూ తడిమింది. "కోసేశావా?" అంది. దానికి కుళ్ళు.

టీ డబ్బా మూత తిప్పకూడదట, పైకి లాగాలట.

ఇట్లు,
తమ్ముడు

జనవరి 10, శనివారం

తమ్ముడికి,

కూర్చునే విప్పాను. లేవడానికి గంట పట్టింది.

నువ్వు మనిషివా, కత్తివా? మూడు వందల యాభై ఏళ్ళు ఎలుకలు, చెద, నాన్న కలిసి చేయలేని పని నువ్వు రెండు రోజుల్లో చేశావు. నా ప్రతిలో ప్రతి కాగితమూ గోధుమ రంగు. నీది పాలవిరుగుడు రంగు. పక్కన పెడితే చుట్టూ వేలెడు పొట్టి. పెద్దల బట్టల పక్కన పసివాడి చొక్కా ఆరేసినట్టుంది. అంచు కోయని ప్రతి అని నేను ప్రొఫెసరుకి రాశాను. ఇప్పుడు ఈ ముక్క చూపించి, మా తమ్ముడు బైండరండీ, వాడికి చేతులు ఊరుకోవు అని చెప్పాలా?

చదువు లేకపోవడం తప్పు కాదు. చెప్పిన మాట వినకపోవడం తప్పు. నాన్న నిన్ను బడి మాన్పించి బల్ల దగ్గర కూర్చోబెట్టినప్పుడు జాలిపడ్డాను. ఇప్పుడు బల్ల మీద జాలి వేస్తోంది.

సరే, ఒక దారి ఉంది. కాగితం తిప్పి పంపుతున్నాను. నా రెండో నాటకం చివర ఒక ఖాళీ కాగితం ఉంటే దాన్ని తీసి ఇందులో పెట్టాను. అదే కాలం, అదే మందం. చెల్లి దాన్ని చట్రం లాగా కోసి, నీ ముక్క చుట్టూ అంచు పెంచాలి. అతుకు దగ్గర రెండు కాగితాలనీ వెంట్రుకంత పలచగా గీకి, ఒకదాని మీదికి ఇంకోటి ఎక్కించాలి. తరవాత మొత్తానికి మిగతా పేజీల రంగు పట్టించాలి. ఇది చేయగల చెయ్యి నాకు తెలిసినంతలో దానిదొక్కటే. నువ్వు ముట్టుకోకు. ఆ గదిలోకి కూడా వెళ్ళకు.

ఖాళీ కాగితం వెతుకుతుంటే అందులో చెల్లి ఆసుపత్రి కార్డు దొరికింది. డాక్టరు నా చేతికే ఇస్తే పేజీ గుర్తుకి పెట్టుకున్నాను, మర్చిపోయాను. కంటికి చిన్న ఆపరేషను, జనవరి 24కి రమ్మని రాసి ఉంది. ఆ తేదీకి వెళితే నెల రోజులు కళ్ళకి గుడ్డ కట్టి కూర్చోబెడతారు, పని పోతుంది. ఆసుపత్రి ఎక్కడికీ పారిపోదు, ఇంకో తేదీ అడగవచ్చు. దానికి చెప్పకు. ప్రొఫెసరు వచ్చి వెళ్ళాక నేనే తీసుకెళతాను.

అన్నయ్య

జనవరి 28, బుధవారం

అన్నయ్యకి నమస్కారం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బడి మాన్పించినప్పుడు నువ్వు జాలిపడ్డ సంగతి నాకు తెలియదు. నా పలక నువ్వు తీసుకున్నావు, అది గుర్తుంది.

24 గురించి చెల్లికి చెప్పలేదు. నీ కోసం కాదు. ఇంకా రెండువందల ముప్ఫై రిజిస్టర్లున్నాయి.

పగలు రిజిస్టర్లు, మధ్యాహ్నం ఎండ కిటికీలోకి వచ్చే రెండు గంటలు నీ కాగితం. అలా చేస్తోంది. అంచులు గీకేటప్పుడు కళ్ళు మూసుకుంటోంది. ఎందుకే అంటే, "తెరిచినా అంతేగా, వేలు చూసుకుంటుంది" అంది. నిన్న టీ గ్లాసులో పోయబోయి పక్కన పోసింది, నా లెక్కల పుస్తకం తడిసింది. నేను కేకలేశాను. అది బట్ట తెచ్చి తుడుస్తూ, "నీ గ్లాసు చోటు మార్చావు, అదీ నా తప్పేనా?" అంది. గ్లాసు రోజూ పెట్టే చోటే ఉంది.

మందు గురించి ఒక మాట. బుడ్డి డిసెంబరు ఆఖరుకే అయిపోయింది. ఇక్కడ మందుల కొట్లో కళ్ళలో వేసే చుక్కలు అడిగితే ఏదో ఇచ్చాడు, అదే బుడ్డిలో పోసి ఇచ్చాను. నెల రోజులుగా వేసుకుంటోంది. మొన్న దారానికి వెళ్ళినప్పుడు మళ్ళీ అడిగితే, అది కళ్ళకలకకి వేసేదట. ఒత్తిడికి వేరే మందు ఉందట, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వడట. చీటీ నీ దగ్గరుందా? దానికి ఇంకా చెప్పలేదు. చుక్క వేసుకున్నాక, "ఇప్పుడు కాస్త నయం" అంటుంది.

ఇట్లు,
తమ్ముడు

ఫిబ్రవరి 6, శుక్రవారం

తమ్ముడికి,

పని సాగుతోందన్నావు, సంతోషం. రంగు గురించి జాగ్రత్తగా చదివి దానికి వినిపించు. టీ డికాక్షను వాడకూడదు, అది ఏడాదికే మచ్చలు కడుతుంది. పాత కాగితాలు నానేసిన నీళ్ళే వాడాలి. బ్రష్షుతో పూయకూడదు, పళ్ళెంలో పోసి తేల్చాలి. మధ్యలో పలచన, అంచుల దగ్గర ముదురు, ఎందుకంటే చేతులు పడేది అక్కడ. కుడి వైపు కింద మూల మరీ ముదురు. మూడు వందల ఏళ్ళుగా జనం పేజీ తిప్పింది ఆ మూల పట్టుకునే. నా ప్రతిలో దీని ముందు పేజీకి నీటి చార ఒకటి ఉంది, అది ఈ కాగితం మీదికి కూడా పాకినట్టు ఉండాలి. పొడుగు కొలిచి రాశాను, వెనక చూడు.

ఇలాంటి పని చేస్తే ప్రొఫెసరుకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అడిగితే చెబుతాను.

డాక్టరు చీటీ ఇందులో పెడుతున్నాను.

ఆశీస్సులతో,
అన్నయ్య

ఫిబ్రవరి 17, మంగళవారం

అన్నయ్యకి నమస్కారం.

కవరులో చీటీ లేదు. రంగు నమూనాకి నువ్వు పెట్టిన కాగితం ముక్క ఉంది. కవరు చింపి లోపలి మడత కూడా చూశాను. వెంటనే ఒక కార్డు రాశాను, అందిందో లేదో.

కాగితం పూర్తయింది. మొన్న ఆదివారం ఆఖరిసారి పళ్ళెంలోంచి తీసింది. ఎండకి పట్టి చూశాను. అతుకు ఎక్కడుందో నేను చెప్పలేను. నీటి చార కూడా పెట్టింది. ఎలా పెట్టిందని అడగకు. నేను కొలబద్ద దాని వేలి కింద పెట్టాను, అది గీసింది.

డిసెంబరులో నువ్వు రాసిన ఉత్తరం అదే చదువుకుంది. ఆ తరవాతవి నన్ను చదివి వినిపించమంటోంది. జనవరిది ఒకసారి తీసి చదవమంది, రంగు గురించి ఏదో సరిచూసుకోవాలట. ఆసుపత్రి ముక్క దగ్గరికి వచ్చి దాటేశాను.

"ఎందుకు ఆగావు?"

"ఆగలేదు, పేజీ తిప్పాను."

"పేజీ చప్పుడు వినపడలేదే."

"నీకు కళ్ళు పోయి చెవులొచ్చాయా?" అన్నాను. సరదాకే అన్నాను. అది ఉత్తరం అందుకుని అక్షరాల మీద వేలు రాసింది. తరవాత, "అన్నయ్య అక్షరం ఇంకా ముందుకి వాలే ఉంటుందా?" అని అడిగింది.

ఎదురింట్లో డిస్పెన్సరీ నర్సు అద్దెకుంటోంది. అట్ట పుస్తకం కుట్టించుకోవడానికి వచ్చి, చెల్లి గోడ పట్టుకుని నడవడం చూసింది. చిన్న టార్చి తెచ్చి రెండు కళ్ళలోకీ వేసింది. ఎడమ కంట్లో లైటు వేస్తే చెల్లి, "వెయ్యమ్మా" అంది. అప్పటికే వేసి ఉంది. నర్సు నన్ను బయటికి పిలిచింది.

"ఎడమది పోయింది. కుడిదాంట్లో గొట్టంలోంచి చూసినంత మిగిలింది. ఎవరు చూస్తున్నారు ఈవిణ్ణి?"

"మా అన్నయ్య."

"మరి మీరు?"

"నా దగ్గర పనికొచ్చింది."

ఆవిడ నా మొహం చూసి టార్చి ఆర్పేసింది. పోయిన చూపు ఇక రాదట, మందు పడి ఉంటే ఉన్నది నిలిచేదట.

రిజిస్టర్లు ఇంకా నలభై ఉన్నాయి. కాగితం ఎప్పుడు ఎలా పంపాలో రాయి.

ఇట్లు,
తమ్ముడు

ఫిబ్రవరి 22, ఆదివారం

తమ్ముడికి,

కాగితం పూర్తయిందన్న వాక్యం చదివి లేచి నిలబడ్డాను. పన్నెండేళ్ళు.

పోస్టులో వేయకు. మార్చి ఒకటో తారీకు లోపల చెల్లి చేతికిచ్చి పంపు. దానికి ఆ కాగితం విలువ తెలుసు, ఒళ్ళో పెట్టుకుని తెస్తుంది. బస్సులో ఎవరినైనా చూసుకోమని చెప్పు. ఇక్కడ కుట్టడం అది పక్కన ఉంటేనే అవుతుంది. ఒకటో నాటకానికి కూడా రెండు కాగితాలు పొట్టిగా ఉన్నాయి, ఇదే పద్ధతిలో వాటికీ అంచు పెంచవచ్చని నాకు ఇప్పుడే తట్టింది. కళ్ళు మూసుకుని చేయగలనని అదే అంది కదా.

కన్ను సంగతి విచారకరం. నేను డాక్టరుకి చూపించాను, మందు ఇప్పించాను. బుడ్డిలో కళ్ళకలక మందు పోసింది నేను కాదు. చీటీ నా బల్ల మీదే ఉంది. పెట్టాననే అనుకున్నాను. అది వచ్చాక డాక్టరు దగ్గరికి వెళతాం.

నర్సుని ఇంట్లోకి రానివ్వకు. ఇంటి విషయాలు బయటివాళ్ళకి ఎందుకు?

ఆశీస్సులతో,
అన్నయ్య

ఫిబ్రవరి 27, శుక్రవారం

అన్నయ్యకి నమస్కారం.

బుధవారం మధ్యాహ్నం నేను రికార్డు ఆఫీసుకి ఆఖరి మూట అప్పగించడానికి వెళ్ళాను. వచ్చేసరికి నర్సు నా బల్ల ముందు కూర్చుని ఉంది. నీ ఉత్తరాలన్నీ డబ్బాలోంచి తీసి వరసగా పేర్చి ఉన్నాయి. చెల్లి చదవమని అడిగిందట, ఒకటీ వదలకుండా. చివరిది నేను వెళ్ళాక పోస్టులో వచ్చిందట, దాన్నీ విప్పి చదివించుకుంది.

చెల్లి నన్ను ఒకటే అడిగింది.

"24 అని నీకు ఎప్పుడు తెలిసింది?"

"జనవరి పన్నెండునో పదమూడునో."

"సరే" అంది.

అన్నం వండింది. నేను తిన్నాను. తరవాత నీ కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టి, మైనం గుడ్డ చుట్టి, దారంతో కట్టి నాకిచ్చింది. అది చించేస్తుందేమోనని నేను చూస్తూ నిలబడ్డాను. ముడి వేసేటప్పుడు వేలు అడ్డం పెట్టమంది, పెట్టాను. రిజిస్టరు చేసి ఇన్సూరు చేయించి దీంతో పంపుతున్నాను. కుట్టడానికి అక్కడ ఎవరినైనా చూసుకో. నేను రాను.

చెల్లి నిన్న, గురువారం, పొద్దున ఆరున్నర బస్సుకి వెళ్ళింది. నీ దగ్గరికి కాదు. నర్సు తోడు వెళ్ళింది. ఎక్కడికని అడిగాను, ఇద్దరూ చెప్పలేదు.

ఇట్లు,
తమ్ముడు